ఫ్లెక్స్ నడుమ మురుగన్ మామ

కె. తమిళరసి యూనివర్సిటీలో ఏం చదువుతోందో రాజపాళయంలో ఆమె బంధువులెవరికీ సరిగ్గా తెలియదు. తెలియదని ఒప్పుకునే బంధువూ లేడు. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసే తండ్రి కృష్ణసామి ఎవరడిగినా 'కంప్యూటర్' అని తేల్చేస్తాడు. తల్లి పుష్పం మాత్రం 'డిజైన్' అంటుంది. దాంతో వీధిలో ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డలు పట్టుకొచ్చి, మెడ వెనకాల కొత్త మోడలు వెయ్యమని కూర్చుంటారు. ఆ చదువు అసలు పేరు గ్రాఫిక్ డిజైన్ అండ్ డిజిటల్ మీడియా టెక్నాలజీ. అంత పొడుగు పేరు చెప్పేలోపు రాజపాళయంలో షేర్ ఆటో నిండి వెళ్ళిపోతుంది.

పేరు సంగతికొస్తే, ఆమెదీ ఒక తమాషానే. మదురై నాయకరాజుల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం, ఇంట్లో పిల్లిని అదిలించినా తెలుగులోనే అదిలిస్తారు. పిల్లకు మాత్రం తమిళానికి రాణి అని పేరు పెట్టారు. ఆ రాణిగారు తెలుగులో తిడుతుంది, తమిళంలో రాస్తుంది, పరీక్షలు ఇంగ్లీషులో తప్పుతుంది. ఇంట్లో అందరికీ అరసి.

యూనివర్సిటీలో చేరిన మొదటి నెలనుంచే అరసికి గిరాకీ మొదలైంది. చనిపోయిన తాత ఫోటో తెచ్చి కళ్ళు తెరిపించమన్నాడు ఒక చిన్నాయన. పెళ్ళి ఫోటోలోంచి తోడికోడల్ని తీసేయమంది ఒక పెద్దమ్మ. ఆర్నెల్లకు ఇద్దరికీ రాజీ కుదిరింది, మళ్ళీ పెట్టమంది. తీసినంత తేలిక కాదు పెట్టడం అంటే, "ఇంత చదువు చదివి, ఒక మనిషిని నిలబెట్టేదానికి రాలేదా నీకు?" అని ముక్కు విరిచింది.

సెలవు రోజుల్లో అరసి సంగిలి ఫ్లెక్స్ ప్రెస్‌లో కూర్చుంటుంది. ఇరవై రెండేళ్ళుగా రాజపాళయం చుట్టుపక్కల పెళ్ళిళ్ళూ, చెవులు కుట్టే వేడుకలూ, చావు పోస్టర్లూ అచ్చేస్తున్న మనిషి సంగిలి. ఇంటి భాష తమిళమే అయినా, వచ్చేవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళు కావడంతో తెలుగు కూడా పట్టుబడింది. ఆయన కంప్యూటర్లో 'బాడీ' అని ఒక ఫోల్డరు ఉంది. అందులో తలల్లేని పన్నెండు మొండేలు ఉంటాయి, అన్నీ తెల్ల చొక్కాలు తొడుక్కుని. ఫోటోలో లుంగీ, బనియనుతో ఉన్నవాడు వస్తే తల కోసి అందులో ఒకదానిమీద అతికిస్తారు. ఆ లెక్కన చుట్టుపక్కల సగం మంది మగవాళ్ళు గోడలమీద ఒకే పొట్టతో నిలబడి ఉన్నారు.

తమిళనాడులో మనిషికి తిండి, గుడ్డ, ఇల్లు తరవాత కావలసింది ఫ్లెక్స్‌లో ముఖం. ఇది ఎవరూ చట్టంలో రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. వేడుక ఎవరిదైనా సరే, బ్యానర్ కింది భాగంలో బంధువులు, మిత్రులు వరసగా నమస్కారం పెడుతూ నిలబడాలి. ఒక ముఖం తప్పిందంటే పదేళ్ళు మాటలుండవు.

మూడో సంవత్సరంలో నారాయణన్ సార్ వాళ్ళకొక పని అప్పజెప్పారు. నిజమైన మనిషి దగ్గర నిజమైన పని తెచ్చుకోవాలి. అది అచ్చయి నలుగురు తిరిగే చోట కట్టించాలి. తరవాత దాని ఎదురుగా నోటుపుస్తకం పట్టుకుని కూర్చుని, జనం మొదట దేన్ని చూస్తున్నారో, ఎంతసేపు చూస్తున్నారో రాసుకోవాలి.

"మీరు స్క్రీన్ మీద చేసేది డిజైన్ కాదు. బస్సు కోసం నిలబడినవాడి కంట్లో పడేదే డిజైన్" అన్నారు సార్. అరసి ఆ మాట రాసుకుంది. దాని కింద రెండు గీతలు కూడా గీసింది.

గీత ఆరకముందే అన్నట్టు, ఆ వారమే మురుగన్ మామ మిఠాయి పొట్లంతో వచ్చాడు.

మురుగన్ పుష్పానికి తమ్ముడు. సేత్తూరులో నాలుగెకరాల కొబ్బరితోట, రెండు ఆవులు, ఒక కూతురు. మీసం మాత్రం పదెకరాల ఆసామిది.

"తీపి తినక్కా. సత్య పెద్దమనిషి అయింది" అన్నాడు గడప దాటకుండానే.

"ఎప్పుడురా?"

"బుధవారం. వచ్చే నెల రెండో ఆదివారం సడంగు. మండపం చెప్పేసినాను, వంటోడికి చెప్పేసినాను. ఇంగ ఒక్క ముక్కియమైన పని మిగిలిండాది." అరసి వైపు తిరిగాడు. "ఫ్లెక్స్. పన్నెండుకు ఎనిమిది. సేత్తూరు బస్టాప్‌లో, దిగినోడి మూతికి కొట్టుకునే మాదిరి. మన ఇంట్లోనే ఇంత చదువుకున్న పిల్ల ఉండగా నేను బయట చేపిస్తానా?"

అరసి మనసులో నారాయణన్ సార్ కనిపించారు. నిజమైన మనిషి, నిజమైన పని, నలుగురు తిరిగే చోటు. మామ కాళ్ళతో నడిచి వచ్చిన అసైన్‌మెంటు అది. సరేనంది.

మురుగన్ ఫోన్ తీసి నలభై మూడు ఫోటోలు పంపాడు. అందులో ఆరింటిలో మనుషుల కంటే వెనకున్న ట్రాక్టరే బాగా పడింది.

"ఇంతమందా మామా?"

"తక్కువా? నువ్వు చెప్పు, తక్కువ కాలేదు కదా?" అని కంగారుపడ్డాడు. తరవాత గొంతు తగ్గించి తన బాధ చెప్పుకున్నాడు. "పిల్లా, నేను ఇంతదాకా ముప్పై ఒక్క ఫ్లెక్స్‌లో నిలబడినాను. ముప్పై ఒకటి! ఎప్పుడూ కింది వరసే. సత్రపట్టి చిన్నాయన ఇంట్లో అయితే నన్ను బార్డరులో పెట్టినారు, మేకు నా చెవిలో కొట్టినారు. ఇది ఒక్కటే నాది. నేను పైన ఉండేది ఇదొక్కటే."

అరసి నవ్వింది కానీ, ఆ మాట ఆమెకు తగిలింది.

రెండు రోజులు కూర్చుని చేసింది. లేత పసుపు రంగు వెనకతెర. ఒక పక్కన సత్య పాత స్కూలు ఫోటో, పొందికగా. ఎదర మంచి అక్షరాల్లో నాలుగే మాటలు. మిగతా అంతా ఖాళీ. చదువుకున్నదంతా అందులో పెట్టేసింది. మురుగన్ ఫోన్‌ని ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు.

"బాగుండాది" అన్నాడు చివరికి. "ఇంగ ఎప్పుడు మొదలుపెడతావు?"

"అయిపోయింది మామా."

"అయిపోయిందా? ఇంత చోటు చుమ్మా పడుండాదే! ఇందులో మా బావమరిది కుటుంబమంతా పండుకోవచ్చు. సొంతవాళ్ళు లేని పిల్లా అది? అనాథా?"

"చూసేవాళ్ళకి కంటికి హాయిగా ఉంటుంది మామా."

"కంటికి హాయి కావాలంటే వాళ్ళు ఇంట్లో పండుకోనీ. నలభై మూడు మంది రావాల. సత్య ఫోటో కూడా ఇది కాదు. పట్టుచీరె కట్టి కొత్తది తియ్యి."

అలా శనివారం అరసి కెమెరా తగిలించుకుని సేత్తూరు బస్సెక్కింది.

సత్య పక్కగదిలో ఉంది. పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి. చాప వేరు, చెంబు వేరు, పళ్ళెం వేరు. వంటింట్లోకి రాకూడదు, పూజగది వైపు చూడకూడదు. ఫోను మాత్రం అందరిదీ ఒకటే. మైల ఫోనుకు అంటదని ఎవరు తేల్చారో తెలియదు కానీ, ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు.

"వదినా, నా ఫోటో తియ్యొద్దు" అంది సత్య, అరసి చెప్పులు విప్పకముందే.

"ఎందుకే? చీరె నచ్చలేదా?"

"చీరె సూపర్ వదినా. సడంగు కూడా సరే. సీరు పళ్ళేల్లో సారె తెస్తారు, తియ్యగా మినపకళి వండి పెడతారు, బిరియానీ చేస్తారు. అదంతా నాకు ఇష్టమే. బస్టాప్‌లో మాత్రం నన్ను కట్టొద్దు."

"ఊరంతటికీ తెలుసు కదే ఎట్లయినా."

"తెలిసేది వేరే వదినా. తెలిసినోళ్ళు ఒక దినం మాట్లాడి పోతారు. అది ఆడనే ఉంటుంది. నేను దాని కింద నిలబడే కదా రోజూ బస్సెక్కాల?" సత్య చాప అంచు పీకుతూ చెప్పింది. "పోయిన సంవత్సరం మా క్లాస్ జనని ఫ్లెక్స్ నలభై దినాలు ఉండింది. టెన్త్ పిల్లకాయలు పొద్దున్నే దానికి వణక్కం పెట్టేవాళ్ళు. దాని పక్కనే ఆ పిల్ల నిలబడి ఉంటుంది, ఫ్లెక్స్‌కి వణక్కం పెడతారు. తరవాత బొగ్గుతో మీసం పెట్టినారు. ఇప్పుడు జనని వెనక స్టాప్‌కి నడిచిపోయి ఎక్కుతా ఉండాది. ఇంగా నడుస్తానే ఉండాది వదినా."

అరసి కెమెరా మూత పెట్టేసింది.

ఆమెకూ పన్నెండేళ్ళప్పుడు ఒక ఫ్లెక్స్ ఉండేది. సంగిలి చేసిందే. తామరపువ్వులోంచి అరసి తల పైకి లేస్తుంది, కత్తిరింపులో ఎడమ చెవి పోయింది. యూనివర్సిటీ ఇంటర్వ్యూలో డిజైన్ ఎందుకు చదవాలనుకుంటున్నావని అడిగితే ఆ చెవి కథే చెప్పింది. ముగ్గురు ప్రొఫెసర్లు పగలబడి నవ్వారు, సీటిచ్చారు. అప్పటినుంచి ఎక్కడికెళ్ళినా అదే కథ. అది చెప్పి చెప్పి తనే మరిచిపోయిన సంగతి ఇంకోటుంది. ఆ నెలంతా ఆమె స్కూలుకు జిన్నింగ్ మిల్లు వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళింది. అది చెవి కోసం కాదు.

గుమ్మంలో సెల్వి అత్త నిలబడి ఉంది. ఒక చేతిలో కళి గిన్నె, ఇంకో చేతిలో నువ్వులనూనె. అంతా విన్నట్టే ఉంది.

"నన్ను కొబ్బరిమట్టల గుడిసెలో పదహారు దినాలు కూచోబెట్టినారు అరసీ" అంది గిన్నె కింద పెడుతూ. "అప్పుడు ఎవురూ చూడకూడదని గుడిసె కట్టినారు. ఇప్పుడు అందురూ చూడాలని ఫ్లెక్స్ కడతా ఉండారు. అప్పుడూ ఎవురూ నన్ను అడగలే. ఇప్పుడూ దీన్ని అడగలే. నువ్వు తిను పాపా, ఆరిపోతుంది."

సెల్వి అత్త ఇరవై ఏళ్ళలో అంత పొడుగు మాట మాట్లాడింది అదే మొదటిసారి అయి ఉంటుంది. ఆ మాట యూనివర్సిటీలో ఎవరైనా చెప్పి ఉంటే అరసి రాసుకుని గీతలు గీసేది. ఇక్కడ గీత గీయడానికి నోటుపుస్తకం లేదు.

సాయంత్రం తోటలోంచి వచ్చిన మురుగన్‌కి అరసి సూటిగానే చెప్పింది. ఫోటో వద్దు మామా, పేరూ వద్దు, మీ ఇద్దరి పేర్లతో వేసుకో అని.

"ఫోటో లేకుంటే ఎవురి సడంగు అని తెలిసేదెట్ల?"

"పత్రిక పంచుతావు కదా."

"పత్రిక పిలిచినోడికి. ఫ్లెక్స్ పిలవనోడికి. వాడికే కదా తెలియాల!" మురుగన్ విసుక్కున్నాడు. "చూడు పిల్లా, అన్నీ మంచికే జరగతా ఉండాది, నువ్వొచ్చి కొత్త చట్టం చెప్పొద్దు. నువ్వు చేసిస్తావా, సంగిలి దగ్గర చేపించుకోనా?"

ఇదీ చిక్కు. అరసి చేతులు కడిగేసుకోవచ్చు. తను శుభ్రంగా ఉంటుంది. సంగిలి అరగంటలో సత్యను తామరపువ్వులో కూర్చోబెడతాడు, ఈసారి రెండు చెవులతోనే. పిల్ల మాత్రం వెనక స్టాప్‌కి నడుస్తుంది.

"నేనే చేస్తాను మామా" అంది.

మర్నాడు ప్రెస్‌లో నలభై మూడు తలలు కత్తిరిస్తూ కూర్చుంది. పక్కన సంగిలి ఎవరిదో చావు పోస్టర్‌కి పూలదండ వేస్తున్నాడు.

"అణ్ణే, ఇన్నేళ్ళలో సడంగు ఫ్లెక్స్ చూసి, ఆ పిల్ల ఫోటో బాగలేదని ఎవురైనా ఫోన్ చేసినారా?"

సంగిలి మౌస్ ఆపి ఆలోచించాడు. నిజాయితీగా ఆలోచించాడు. "లేదమ్మా. ఒక్కరూ లేదు. నా ఫోటో చిన్నదైపోయింది అని చేస్తారు. నా పక్కన వాడిని ఎందుకు పెట్టినావు అని చేస్తారు. ఒకసారి ఒకాయన, నా బాడీ నాది కాదే అని చేసినాడు. పిల్ల గురించి..." తల అడ్డంగా ఊపి మళ్ళీ దండ వేసుకున్నాడు.

అరసి సెల్వికి ఫోన్ చేసింది. "అత్తా, సత్యను తీసేసి చేస్తా ఉండాను. గ్రూపులో పెడతాను. దాచేది లేదు. ఎవురైనా అడిగితే నిజం చెప్తాను. నీకు సమ్మతమా?"

అటు వైపు కుక్కర్ రెండు కూతలు కూసింది. "నేను చెప్పినానని చెప్పు" అంది సెల్వి.

అప్పుడు చేసింది అరసి. కింద ముప్పై ఎనిమిది ముఖాలు. పైన సత్య మేనమామ సెంథిల్‌కుమార్, నల్లకళ్ళద్దాలతో. ఇటు పక్క పుష్పం, కృష్ణసామి. సెల్వి, మురుగన్ పక్కపక్కన. పైన బంగారు రంగులో పెద్ద తమిళ అక్షరాలు: పూప్పునిత నీరాట్టు విళా. అంటే పెద్దమనిషైన పిల్లకు నీళ్ళు పోసే పండగ. ఆ పిల్ల తప్ప అందరూ ఉన్నారు.

దాన్ని 'సేత్తూరు సొందంబందం' అనే బంధువుల వాట్సప్ గ్రూపులో పెట్టింది. తెలుగు మాటలు తమిళ అక్షరాల్లో టైపు చేయడం ఆ గ్రూపు పద్ధతి. 'అచ్చుకు పోయేముందు అందరూ బాగా చూడండి. ఎవరైనా తప్పిపోయినారా? చెప్పండి' అని రాసి, గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

జవాబులు వర్షంలా పడ్డాయి. నన్ను ఇంకొంచెం తెల్లగా చెయ్యి. నా పేరు ముందర ఇనిషియల్ పెద్దదిగా లేదు. సెంథిల్‌కుమార్ కళ్ళద్దాలు సూపర్. నా పక్కన వీడెవుడు? నేనే రా, మీ పెద్దనాయన. అప్పట్లో తోడికోడల్ని తీసేయమన్న పెద్దమ్మ, ఆ తోడికోడలు తనకంటే అర అంగుళం పైన ఉందని స్కేలు పెట్టి కొలిచిన ఫోటో పంపింది. అరవై రెండు జవాబులు. ఎవరైనా తప్పిపోయారా అన్న ప్రశ్నకు జవాబిచ్చింది ఒకే ఒక్కడు. తన కొత్త బైక్ తప్పిపోయిందన్నాడు.

చివరికి మురుగన్ వాయిస్ మెసేజ్ వచ్చింది: "రొంబ బాగుండాది పిల్లా. ఇదే నేను అడిగింది. నన్ను మాత్రం ఇంకొంచెం పెద్దది చెయ్యి. పక్కన కాదు, నడుమకు జరుపు. మీ అత్తను కొంచెం ఆ పక్కకు తొయ్యి, ఏమీ అనుకోదు."

అరసి జరిపింది. పెద్దది చేసింది. చెప్పినట్టు చేయడమే కదా డిజైనర్ పని అనుకుంది, కాస్త కొంటెగానే.

సోమవారం పొద్దున్న సేత్తూరు బస్టాప్‌లో సర్వే కర్రలకు ఫ్లెక్స్ లేచింది. అరసి ఎదురుగా టీకొట్టు బెంచీమీద నోటుపుస్తకంతో కూర్చుంది. మొదటి అరగంటలో పదకొండు మంది బంధువులు వచ్చారు. పదకొండు మందీ తమ ముఖం దగ్గరికి నేరుగా వెళ్ళి, ఫోటో తీసుకుని వెళ్ళారు. సగటున నాలుగు సెకన్లు. పక్క ముఖానికి ఒక సెకను, అది కూడా సైజు చూడడానికి. అరసి రాసుకుంది.

అప్పుడు మురుగన్ వచ్చాడు, ఉతికిన చొక్కాతో. ఫ్లెక్స్‌కి వీపు పెట్టి, ఫోన్ ఎత్తి, రెండు మీసాలూ ఒకే ఫ్రేములో పట్టే ప్రయత్నంలో ఉండగా టౌన్ బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ మెట్టుమీదనుంచి బయటికి వంగి ఫ్లెక్స్ చూశాడు. మురుగన్ని చూశాడు. మళ్ళీ ఫ్లెక్స్ చూశాడు.

"అణ్ణే, సడంగు మీకా?"

బస్సు మొత్తం కిటికీల్లోకి వచ్చింది. నవ్వు వెనక సీటుదాకా పాకి, మళ్ళీ డ్రైవర్ దగ్గరికి తిరిగొచ్చింది. మురుగన్ కూడా నవ్వాడు, అర్థం కాకుండానే. బస్సు పోయాక తిరిగి తలెత్తి చూశాడు. బంగారు అక్షరాలు, పూప్పునిత నీరాట్టు విళా. సరిగ్గా వాటి కింద, ఫ్లెక్స్ నడుమ, మూడడుగుల ఎత్తున తనూ తన మీసమూ.

అప్పుడు మొదటిసారి ఆయన కూతురి కోసం వెతికాడు. పై వరస, కింది వరస, సెంథిల్‌కుమార్ వెనకాల, బార్డరులో. ఎక్కడా లేదు. అరసి అక్కడినుంచి పారిపోలేదు కానీ, టీ గ్లాసులో ముఖం దాచుకుంది. ఆయన అటు చూడకుండా మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత రెండు రోజులు సేత్తూరుకు పండగ. పాల సొసైటీలో "ఏమప్పా, తలకు నీళ్ళు ఎప్పుడు పోస్తారు?" అన్నారు. మంగలి "మీసం తియ్యకూడదు, పదహారు దినాలు కానీ" అన్నాడు. ఎవరో ఫ్లెక్స్‌కి మూర మల్లెపూలు కట్టి పోయారు, సరిగ్గా మామ చెవి దగ్గర. స్కూలు పిల్లలు పొద్దున, సాయంత్రం మీసానికి వణక్కం పెట్టారు.

బుధవారం యూనివర్సిటీకి సెలవు. మురుగన్ నేరుగా ప్రెస్‌కి వచ్చాడు. అరసి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"కావాలనే చేసినావా ఇది?"

"సత్యను తీసింది కావాలనే మామా. అత్తకు చెప్పే తీసినాను. నిన్ను నడుమ పెట్టింది మాత్రం నువ్వే."

సంగిలికి దగ్గు వచ్చింది. దగ్గో, ఇంకేమిటో.

"సంగిలీ, మళ్ళీ కొట్టు. నడుమ సత్య ఫోటో పెట్టి. ఎంతసేపవుతుంది?"

సంగిలి అరసి వైపు ఒకసారి చూశాడు. వ్యాపారం వ్యాపారమే. "సాయంత్రానికి ఇస్తాను అణ్ణే. ఫోటో పంపండి."

మురుగన్ ఫోన్ తెరిచి కూతురి ఫోటో కోసం వేలితో జరపసాగాడు. కొబ్బరికాయల కుప్ప, ఆవు, తను, తను, మళ్ళీ తను. అరసి ఆ వేలినే చూస్తోంది. ఇంకో రెండుసార్లు జరిపితే దొరుకుతుంది. దొరికితే సాయంత్రానికి ఆ పిల్ల బస్టాప్‌లో ఉంటుంది.

"మామా, రెండు దినాలుగా టీ యాడ తాగతా ఉండావు?"

వేలు ఆగింది. "ఇంట్లో."

"టీకొట్టు ఏమైంది?"

మురుగన్ మీసం సవరించుకున్నాడు.

"పాలు ఎవురు పోసొస్తా ఉండారు సొసైటీలో?"

"మీ అత్త... ఇప్పుడు దానికేమి?"

"నీకు నలభై ఎనిమిదేళ్ళు మామా. నీకు ఇంత మీసం ఉండాది. నీకే రెండు దినాలు ఇంట్లో టీ తాగాల్సి వచ్చింది. సత్యకు బస్సు ఇంట్లో ఎక్కేదానికి లేదు."

మురుగన్ ఫోన్ వంక చూస్తూ నిలబడ్డాడు. సత్య ఫోటో దొరికింది. ఆరేళ్ళప్పటిది, ముందుపన్ను లేదు. దాన్నే చూస్తున్నాడు.

"పిల్ల ఏమైనా చెప్పినాదా?"

"నాకు చెప్పింది. అత్తకు చెప్పింది. నీకు చెప్పేదానికి నువ్వు యాడ చోటిస్తివి? ముప్పై ఒక్క ఫ్లెక్స్‌ల కథ చెప్తా ఉంటివి."

ఈ మాటకు ఆయన కోప్పడాలి. మేనకోడలు, అదీ చదువుకున్నది, పరాయివాడి ముందర అనింది. కోపం వచ్చింది కూడా, మీసం వరకు వచ్చింది. కానీ ఆ రెండు రోజుల్లో ఆయనకు ఒకటి తెలిసిపోయింది: మల్లెపూలు కట్టించుకున్న ముఖం ఎలా ఉంటుందో. తెలిసినదాన్ని తెలియనట్టు చేయడం, ఎంత పెద్ద మీసం ఉన్నా, తేలిక కాదు.

"సంగిలీ" అన్నాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ, "ఏణి ఉండాదా?"

ఆ మధ్యాహ్నం ఆయనే ఎక్కి మేకులు పీకాడు. అరసి కింద నిలబడి నిచ్చెన పట్టుకుంది. దిగాక, "నా ముఖం అంత పెద్దది చెయ్యమంటే నువ్వెందుకు చేసినావు పిల్లా? వద్దని చెప్పాల్సింది కదా" అన్నాడు. మగవాళ్ళ క్షమాపణలు ఇలాగే ఉంటాయి. వాటిని గుర్తుపట్టి పుచ్చుకోవలసిన బాధ్యత కూడా మనదే.

నలభై మూడు మంది మాత్రం ఊరుకోలేదు. మా ఫోటో ఏదని గ్రూపులో ఒకటే గోల. గాలికి చినిగిపోయిందని మురుగన్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ వారం సేత్తూరులో కొబ్బరాకు కూడా కదల్లేదు. ఫ్లెక్స్‌ని ఆవుల కొట్టంమీద కప్పాడు, ముఖాలు లోపలికి. ఇప్పుడు ఆ రెండు ఆవులూ తలెత్తితే బంధువర్గమంతా కనిపిస్తుంది.

ఆదివారం సడంగు బాగా జరిగింది. సీరు పళ్ళేలు యాభై ఒకటి వచ్చాయి. సత్య పట్టుచీరె కట్టి, కళి తిని, బిరియానీ తిని, మేనమామ కళ్ళద్దాలు పెట్టుకుని ఫోటోలు తీయించుకుంది. వాటిని తన స్నేహితురాళ్ళకు తనే పంపుకుంది, తనకిష్టమైన వాళ్ళకు. ఏది ఎవరికి చూపాలో ఆ పిల్లకు బాగానే తెలుసు. అడిగితే చాలు. పండగ వద్దని ఎవరూ అనలేదు. పదమూడేళ్ళ పిల్ల ఒంటి సంగతి పన్నెండడుగుల గుడ్డమీద అచ్చేసి, దాని కింద మనం నమస్కారం పెడుతూ నిలబడడమే వద్దన్నది. ఇది చెప్పడానికి యూనివర్సిటీ అక్కర్లేదు. సెల్వి అత్త కళి గిన్నె పట్టుకుని చెప్పింది.

నారాయణన్ సార్ అరసి డిజైన్‌కి మార్కులు కోశారు. 'నలభై మూడు ముఖాలు, ఊపిరాడడం లేదు' అని ఎర్రసిరాతో రాశారు. నోటుపుస్తకానికి మాత్రం పూర్తి మార్కులు వేశారు. క్లాసులో అందరికీ చదివి వినిపించి, కండక్టర్ మాట దగ్గర ఆయనే ఆగి నవ్వుకున్నారు. అరసి ఇంటికొచ్చి మార్కులు చెబితే పుష్పం, "అదేమే, నా ఫోటో అంత బాగా పడింది కదా! తక్కువెందుకు వేసినాడు?" అంది.

సడంగు మర్నాడు సోమవారం పొద్దున్న సత్య మళ్ళీ స్కూలుకు బయలుదేరింది. సేత్తూరు బస్టాప్‌లో సర్వే కర్రలు నాలుగూ ఖాళీగా నిలబడి ఉన్నాయి. టెన్త్ పిల్లకాయలు వాటికి ఆనుకుని ఉన్నారు. అందులో ఒకడు అడిగాడు:

"ఇక్కడ పోయిన వారం ఒక మీసాలాయన ఉండినాడే, ఆయన ఎవురు?"

"మా నాయన" అంది సత్య.

"ఆయనకేమి విశేషం?"

"తోటలో ఉండాడు. పోయి ఆయన్నే అడుగు."

బస్సు వచ్చింది. సత్య సంచీ సర్దుకుని, అందరికంటే ముందు ఎక్కి, కిటికీ సీటు పట్టుకుంది.